మజిలీకో ఆట

హైటెక్ సిటీలో ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల అభిమానులు రాబోయే ఆట పుస్తకాల కోసం ఎదురుచూడటం ముచ్చటే. కానీ 1974లో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే అలాంటి ఆట మౌలిక నియమాలు 2023 జనవరిలోనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందకి వచ్చాయి. మూలం పేర్కొంటే చాలు, వాటితో ఎవరైనా కొత్త ఆట రాసి అమ్ముకోవచ్చు. ఇక మనం కొనేవాళ్లుగానే ఎందుకు మిగిలిపోవాలి? మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు, గోపుడు కాశీకి నడుస్తుంటారు. మజిలీకో వింత కనబడుతుంది, గోపుడు అడుగుతాడు, గురువు కథ విప్పుతాడు. ఈ ఆటల్లో కథ నడిపే గేమ్ మాస్టర్ చేసే పనీ అదే. ఇరవై ముఖాల పాచిక ఒక్కటే తక్కువ. మనవాళ్లు ఆడేది ఇంగ్లీషులోనేగా అంటారు. పుస్తకం ఇంగ్లీషుదే కావచ్చు, బల్ల చుట్టూ ఆటను నడిపేది మాత్రం నోటిమాట. తెలుగు ఆటలకు మార్కెట్ చిన్నదన్నది నిజమే. అయినా పది పేజీల సాహసానికి పీడీఎఫ్ సరిపోతుంది. ఒక్క మజిలీనైనా ఆటగా మలిచి మాకు పంపండి.