అవ్వ విశ్వాసం మనవడికి అందాలంటే

పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ఒక విచిత్రమైన పరిస్థితి నెలకొని ఉన్నది. ఇంట ప్రార్థన తెలుగులోనే జరుగుతుంది. మందిరంలో కీర్తన తెలుగులోనే వినిపిస్తుంది. కాని ఆ కీర్తన పాడే పదిహేనేళ్ల పిల్ల చేతిలోని నోటుపుస్తకం చూడండి. పాట తెలుగు, లిపి కన్నడమో తమిళమో ఒడియానో అయి ఉంటుంది. అవ్వ దిండు ప్రక్కన ఉండే పరిశుద్ధ గ్రంథాన్ని ఆ పిల్ల తెరవదు. తెరచినా చదవలేదు. దీనిని కేవలం భాషాసమస్య అనుకొని భాషోద్యమానికి వదలివేస్తున్న సంఘపెద్దలకు నేను చెప్పదలచినది ఒక్కటే. ఇది భాషకు కలిగిన నష్టం మాత్రమే కాదు, మన విశ్వాసం మన పిల్లలకు అందకుండా పోతున్న నష్టం కూడ.

ఈ పత్రిక ఏ ఒక్క మతానికీ చెందినది కాదు. క్రైస్తవుల ఇంటి ముచ్చట ఇక్కడ ఎందుకని కొందరు పాఠకులు అడుగవచ్చును. పోతన పద్యం తాత నోట విని అర్థం కాక తెల్లమొగం వేసే హిందూ కుటుంబపు మనవడికి జరుగుతున్న నష్టం కూడ ఇటువంటిదే. నేను క్రైస్తవుణ్ణి, భాషాల్పసంఖ్యాకుల వ్యవహారాలు చూస్తున్న న్యాయవాదిని. కనుక నాకు తెలిసిన ఇంటి సంగతి చెబుతున్నాను.

అపొస్తలుడైన పౌలు తన ప్రియశిష్యుడైన తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, అతని విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను నివసించినదని గుర్తుచేస్తాడు. ఈ మాట మన ప్రసంగాలలో తరచు వినిపిస్తుంది. ఆ కుటుంబం ఎటువంటి ఊరిలో నివసించినదో మాత్రం మనం గమనించము. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. వారి ప్రాంతమైన లుస్త్రలో జనులు లుకయోనియ భాషలో కేకలు వేశారని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతున్నది. తల్లి వంశానిది ఒక భాష, తండ్రిది ఒక భాష, వీధిలో మరొక భాష. అది అచ్చంగా మన సరిహద్దు జిల్లాల ఇల్లే! అట్టి ఇంటిలోనే తిమోతి బాల్యం నుండి లేఖనాలను ఎరిగి ఉన్నాడు. విశ్వాసాన్ని అందించినవారు పరదేశపు బోధకులు కారు, ఇంటి ఆడవారు. పలు భాషల నడుమ బ్రతకడం ఆ పనికి అడ్డు రాలేదు. మనకు మాత్రం ఎందుకు అడ్డు రావాలి?

మన భాషలోనికి ఈ గ్రంథం సులభంగా రాలేదు. జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు 1805లో విశాఖపట్నం చేరి, ముందు తెలుగు నేర్చుకొన్నారు. ఆనందరాయర్ అనే తెలుగెరిగిన పండితుని తోడ్పాటుతో సువార్తలను అనువదించసాగారు. క్రాన్ 1809లోను, డిగ్రాంజెస్ 1810లోను కన్నుమూశారు. 1818 నాటికి గాని తెలుగు క్రొత్త నిబంధన అచ్చుకాలేదు. 1803లో జన్మించి 1890లో మరణించిన పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నిలిచి ఉన్నాయి. యానాంలోని కతోలిక సోదరులకు మరొక సంగతి జ్ఞాపకం ఉండాలి. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ పిమ్మటనే పూజాబలి లాటిను నుండి ప్రజల భాషలలోనికి వచ్చింది. ప్రజలు తమ నోటితో, తమకు అర్థమైన మాటలతో ప్రార్థించాలని సంఘమే నిర్ణయించుకొన్నది. ఇంత శ్రమపడి మన ఇంటికి వచ్చిన మాటను మనమే మన పిల్లలకు పరభాష చేస్తున్నాము.

ఈ సంఘాలు సరిహద్దులు దాటి వెళ్లలేదు. సరిహద్దులే వీరిని దాటి వెళ్లాయి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు చేరాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించిన నాడే బళ్లారి మైసూరులో కలిసింది. ప్రార్థన చేసే ఇల్లు మారలేదు, పిల్లలు చదివే బడి భాష మారింది.

“దేవునికి అన్ని భాషలూ తెలుసు కదా, పిల్లవాడు కన్నడంలో ప్రార్థిస్తే వినడా?” అని నన్ను అడిగినవారున్నారు. తప్పక వింటాడు. కన్నడంలోనో తమిళంలోనో ప్రార్థించే బిడ్డ విశ్వాసం తక్కువదని నేను అనను. విశ్వాసం ఏ భాషకూ బానిస కాదు. పెంతెకొస్తు దినాన ఎవరి భాషలో వారు వినడమే మన సంఘానికి ఆరంభం. అయితే నా ప్రశ్న దేవుని గురించి కాదు, అవ్వ గురించి. కరువులో తాను ఎలా నిలబడినదీ, బిడ్డ చనిపోయినప్పుడు ఎవరిని ఆశ్రయించినదీ ఆమె తెలుగులోనే చెప్పగలదు. ఆ సాక్ష్యం ఏ అనువాద గ్రంథంలోనూ అచ్చుకాదు. మనవడికి బజారు తెలుగు మాత్రమే వచ్చి, కృప, రక్షణ, పశ్చాత్తాపం వంటి మాటలు తెలియకపోతే, ఆమెతోనే ఆ సాక్ష్యం మట్టిలో కలుస్తుంది.

ఇక ఇతరులతో విశ్వాసం పంచుకొనే విషయం. దీనిపై మనవారిలో భయమూ ఉన్నది, తొందరపాటూ ఉన్నది. రెండూ తగవు. రాజ్యాంగం 25వ అధికరణం ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును అందరికీ సమానంగా ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, తన మత సిద్ధాంతాలను వివరించి చెప్పడం ఈ హక్కులో భాగమనీ, ఇతరుణ్ణి మతం మార్చే హక్కు మాత్రం ఇందులో లేదనీ తీర్పు చెప్పింది. బలవంతం, ప్రలోభం, మోసం నేరాలని ఒరిస్సాలో 1967 నుండే చట్టమున్నది. చట్టాన్ని ప్రక్కన పెట్టినా, ప్రలోభంతో వచ్చేది విశ్వాసం కాదని మనకు తెలియదా? పేతురు పత్రిక బోధించేదీ ఇదే. అడిగినవానికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి, ఆ జవాబు సాత్వికంతో ఉండాలి. పొరుగువానికి పొరుగువాని భాషలో చెప్పాలి. 1810లో బళ్లారి చేరిన జాన్ హాండ్స్ కన్నడం నేర్చి, బైబిలును కన్నడంలోనికి తెచ్చే పనిలో నిమగ్నుడైనాడు. కనుక పిల్లలకు రెండు భాషలూ కావాలి. ఇంటిలో పొందడానికి తెలుగు, వీధిలో పంచుకొనడానికి ఊరి భాష. ఒకటి రెండవదానికి శత్రువు కాదు.

ఈ పని బడి చేస్తుందని ఎదురుచూడకండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని 28వ అధికరణం శాసిస్తున్నది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించే ప్రయత్నం చేయాలని 1956లో చేర్చిన 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. దానికోసం అర్జీలు పెడదాం, అవసరమైతే కోర్టుకెక్కుదాం. మనం ఇక్కడ రెండు విధాల అల్పసంఖ్యాకులం, మతం చేతనూ భాష చేతనూ. విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే 30వ అధికరణపు హక్కు రెండు విధాలా మనకున్నది. కాని వ్యాజ్యం తేలేలోపు ఒక తరం పెద్దదైపోతుంది.

ఆదివారపు బడి మాత్రం మన చేతిలోనే ఉన్నది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అందులో అరగంట తెలుగు అక్షరాలకు కేటాయించండి. కీర్తన పాడించే ముందు అందులోని పాత మాటలకు అర్థం చెప్పండి. పాత అనువాదంలోని గ్రాంథిక భాష పిల్లలకు బరువైతే, వాడుక భాషలోని అనువాదాన్ని ప్రక్కన ఉంచండి, తప్పు లేదు. కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివే పని పిల్లలకు అప్పగించండి, తడబడినా ఆపకండి. నెలకొక్క ఆదివారం ఒక వృద్ధురాలిని నిలబెట్టి సాక్ష్యం చెప్పించండి. పిల్లలు ప్రశ్నలు అడిగితే విసుగుకొనకండి. మనస్సాక్షి స్వేచ్ఛ మనకెంత ఉన్నదో ఎదిగిన బిడ్డకూ అంతే ఉన్నది. నమ్మడమా మానడమా అన్నది వారే తేల్చుకొంటారు. కాని తెలిసి తేల్చుకొనాలి. చదవలేక వదలివేయడం నిర్ణయం అనిపించుకోదు.

సంఘపెద్దలారా, మందిరానికి క్రొత్త కప్పు వేయడానికి చందాలు వసూలు చేస్తున్నారు, సంతోషం. ఆ చందాలలో కొంత ఈ ఏడాది తెలుగు వాచకాలకూ పలకలకూ ఖర్చు చేయండి. కప్పు క్రింద కూర్చునేవారికి చదివే వాక్యం అర్థం కావాలి కదా.