వేలిముద్రకు ముందే చెప్పాలి

పాలమూరు పల్లె నుంచి పసిబిడ్డను ఎత్తుకుని హైదరాబాదు హైటెక్ సిటీలో బస్సు దిగిన తండ్రికి మొదట కనిపించేవి అద్దాల మేడలు. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక వెలసిన ఆ ప్రాంతంలో ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రులున్నాయి. పొట్ట గోడ సరిగా ఏర్పడక పేగులు, ఒక్కోసారి కాలేయం కూడా బయటికి వచ్చి పుట్టిన బిడ్డలకు శస్త్రచికిత్స చేసే నిపుణులున్నారు.

ఏడ్చినప్పుడు బొడ్డు ఉబికే పిల్లల సంగతి వేరు. చాలామందికి నాలుగైదేళ్ళలో అదే సర్దుకుంటుంది. దానిమీద రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టడం వల్ల పుండు పడడమే తప్ప ప్రయోజనం లేదు.

పొట్టలో సందు చిన్నదైతే అంచులు లాగి కుట్టేస్తారు. మరీ పెద్దదై అంచులు కలవకపోతే అతుకు వేయాలి. ప్లాస్టిక్ జాలీ బిడ్డతో పాటు పెరగదు. చీము పడితే తీసివేయవలసి రావచ్చు. అందుకని జంతువుల నుంచి తీసిన అతుకులు వచ్చాయి. పంది చర్మం, పంది చిన్నపేగు పొర, పశువుల గుండెను చుట్టి ఉండే పొర. వాటిలోని జీవకణాలను కడిగివేస్తే ఉత్త అల్లిక మిగులుతుంది. పందిరి మీదికి తీగ పాకినట్టు బిడ్డ కణాలు, రక్తనాళాలు అందులోకి పాకుతాయి. మంచి ఉపాయమే. కాని ఖరీదెక్కువ. కొందరిలో అతుకు సాగి మళ్ళీ ఉబ్బు వస్తుంది.

ఈ సంగతులు కాగితంపై వేలిముద్ర వేసే తండ్రికి చెప్పాలా, వద్దా? పందిది అంటే ఒక కుటుంబం, ఆవుది అంటే మరో కుటుంబం ఆలోచించుకోవచ్చు. బిడ్డ ప్రాణం కోసం ఒప్పుకునేవారే ఎక్కువ కావచ్చు. అయినా అడిగి పెట్టడం వేరు, అడగకుండా పెట్టడం వేరు. పల్లెటూరి వాళ్ళకు అర్థం కాదనుకోవడం పొరపాటు. మేకను కోసి పొరలు వలిచినవాడికి పొర అంటే వేరే చెప్పాలా!

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలైంది. అతుకు ఖర్చు అందులోకి వస్తుందా, చేతినుంచి పెట్టాలా? అది దేనితో చేసింది? వేరే దారి ఉందా? ప్రతి ఆసుపత్రీ ఇవి తెలుగులో, ఉర్దూలో రాసి, చదివి వినిపించాలి. ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇవ్వాలి. డబ్బు లేనివారికి నగరంలోనే ప్రభుత్వ నీలోఫర్ ఆసుపత్రి ఉందని కూడా చెప్పాలి.

ఈ లోపం చాలావరకు అయిదో నెల స్కానింగులోనే కనబడుతుంది. అప్పుడే తెలిస్తే సర్జన్ ఉన్నచోటే కాన్పు చేయించుకోవచ్చు. ఇవన్నీ అడిగి తెలుసుకోవడానికి నాలుగు నెలల వ్యవధీ దొరుకుతుంది.