పర్యావరణం పోస్టర్ వేస్తాం సరే, కూలి ఎవరిస్తారు?

పోయిన నెల ఒక పర్యావరణ స్వచ్ఛంద సంస్థకు దరఖాస్తు పెట్టాను. గ్రాఫిక్ డిజైన్ వాలంటీర్ పని. వారానికి పదిహేను గంటలు, ఆరు నెలలు. సొంత ల్యాప్‌టాప్ ఉండాలి, అడోబీ సాఫ్ట్‌వేర్ వచ్చి ఉండాలి, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడాలి. జీతం అన్నచోట ‘అనుభవం, సర్టిఫికెట్’ అని రాసి ఉంది. సంస్థ పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. ఇలాంటి ప్రకటనలు కోకొల్లలు.

నేను భిలాయ్ పవర్‌హౌస్ దగ్గర ఒక ఫ్లెక్స్ షాపులో డిజైన్లు చేస్తాను. పెళ్లి బ్యానర్లు, కోచింగ్ సెంటర్ల ర్యాంకులు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల నాయకుల నవ్వులు. ఏప్రిల్ 14 దగ్గర పడితే మాత్రం రాత్రిళ్లు షాపులోనే. ఖుర్సీపార్ నుంచి, క్యాంపు నుంచి మనవాళ్లు వస్తారు. బాబాసాహెబ్ కోటు నీలం కాస్త ముదురు చెయ్యి, కళ్లజోడు మెరవాలి అంటారు. ఆ పనికి నేను పైసా తీసుకోను. కాబట్టి ఊరికే పనిచేయడం నాకు కొత్తేం కాదు.

తేడా ఎక్కడుందంటే, జయంతి కమిటీలో జీతం తీసుకునేవాళ్లే లేరు. టెంటు వేసేవాడు, వంట చేసే అక్క, డప్పు కొట్టేవాడు, నేను, అందరం ఒకటే. ఈ సంస్థలో డైరెక్టరుకు జీతం ఉంది, మేనేజరుకు జీతం ఉంది, ఆఫీసుకు అద్దె కడుతున్నారు. బొమ్మ వేసేవాడి దగ్గరికి వచ్చేసరికే అది ‘సేవ’ అయిపోయింది.

వెట్టి అంటే ఏమిటో మన తెలుగువాళ్లకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. 1982లో ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం కూడా నిర్బంధ శ్రమే అంది. ఎందుకంటే బలవంతం అంటే కర్ర పట్టుకుని నిలబడటమే కాదు, ఆకలీ బలవంతమే. నేను పెట్టిన దరఖాస్తు వెట్టి అని అనను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు, చట్టం లెక్కలో అది వేరు. కానీ ఆ తీర్పు అడిగిన ప్రశ్న ఇక్కడా అడగాలి. ఇష్టపడి చేస్తున్నావా, వేరే దారి లేక చేస్తున్నావా?

వేరే దారి సంగతి చెప్తాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ తట్ట మోశాడు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ మట్టి పనికి వచ్చినవాళ్లలో తాత ఒకడు. నాన్న జీవితమంతా కాంట్రాక్టు కూలీ, కోక్ ఓవెన్ల మీద. నేను ఇక్కడే పుట్టాను. అయినా ఈ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో నా కుల ధ్రువపత్రం చెల్లదు. ఆంధ్ర నుంచి ప్రభుత్వరంగ ఉద్యోగం మీద బొంబాయి వెళ్లిన కుటుంబపు అబ్బాయి మెడికల్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖరరావు కేసులో, సొంత రాష్ట్రంలోని ఎస్సీ ఎస్టీ హోదా వలస వచ్చిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. కేంద్ర ఉద్యోగాలకు పనికొస్తుంది, రాష్ట్రానివి పోయినట్టే. ఇక మిగిలేది ప్రైవేటు, ఎన్జీవోలు. అక్కడ రిజర్వేషనే లేదు, ‘అనుభవం’ అడుగుతారు. ఆ అనుభవం ఇచ్చేచోట జీతం లేదు. ఆరు నెలలు జీతం లేకుండా ఇల్లు గడిచేవాడే ఆ మెట్టు ఎక్కుతాడు. ఎవరి ఇల్లు గడుస్తుందో ఈ పేజీ చదివేవాళ్లకు తెలుసు.

ఇది మన దేశపు జబ్బు ఒక్కటే కాదు. 2015లో ఐక్యరాజ్యసమితిలో జీతం లేని ఇంటర్న్‌గా చేరిన ఒక న్యూజిలాండ్ యువకుడు జెనీవాలో గది అద్దె కట్టలేక గుడారంలో పడుకుంటే ప్రపంచమంతా వార్త అయింది. అమెరికా వైట్‌హౌస్ 2022లో గానీ తన ఇంటర్న్‌లకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టలేదు.

దరఖాస్తు తర్వాత ఒక పరీక్ష పెట్టారు. వాతావరణ మార్పు మీద పోస్టర్ వేయమన్నారు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7 శాతం ఉక్కు పరిశ్రమదే. మా ఊరు బతికేది దాని మీద. దల్లీ రాజ్‌హరా నుంచి ఎర్ర ఖనిజం వస్తుంది, బొగ్గు కోక్‌గా కాలుతుంది, ఆ వేడి ముందు నిలబడేది కాంట్రాక్టు కూలీ. 2018 అక్టోబరు 9న ఇక్కడ కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైన్ పేలి పది మందికి పైగా చనిపోయారు. నేను కోక్ ఓవెన్ పైన గుడ్డ ముక్క మొహానికి కట్టుకుని నిలబడ్డ మనిషిని గీశాను. వెనక ఆకాశం నారింజ రంగు. నాన్న ఫోటో చూసే గీశాను.

ఫోన్లో ఆ మేడమ్ మర్యాదగానే మాట్లాడారు. ‘మీ పని బాగుంది, కానీ కొంచెం డార్క్‌గా ఉంది. ఆశ కనిపించాలి. రెండు చేతుల్లో ఒక మొక్క పెడితే?’ అన్నారు.

నాకు ఆ మొక్క మీద కోపం లేదు. కానీ ఇరవై ఏళ్లుగా అదే మొక్క, అవే రెండు చేతులు. ఆ చేతులకు మసి ఉండదు, గోళ్లు విరిగి ఉండవు. 1927లో మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు తాగడానికి వెళ్లినవాళ్లది పర్యావరణ పోరాటం కింద ఎవరూ లెక్కవేయరు. చెరువెవరిది, నీళ్లెవరివి అన్నది కదా అక్కడి ప్రశ్న! భిలాయ్‌లోనూ అంతే. శంకర్ గుహా నియోగి మన శిబిరం మనిషి కాదు, నిజమే. అయినా ఆయన ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా జెండా ఎరుపు, ఆకుపచ్చ. కార్మికుడు, రైతు ఒకే గుడ్డ మీద. 1991 సెప్టెంబరు 28న ఆయన్ను ఇక్కడే కాల్చి చంపారు. మరుసటి ఏడాది జులై 1న పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. నేను రోజూ షాపుకు ఆ స్టేషన్ పక్కనుంచే వెళ్తాను. ఈ ఊళ్లో ఆకుపచ్చ రంగుకు అంత చరిత్ర ఉంటే, పోస్టర్‌లో మొక్క ఒక్కటే మిగిలింది.

చిన్న సంస్థల దగ్గర డబ్బు ఉండదని మిత్రుడొకడు వాదించాడు. కొన్నింటి విషయంలో అది నిజమే. అలాంటప్పుడు పదిహేను గంటలు కాకుండా మూడు గంటలు అడగండి. కరెంటు, నెట్ ఖర్చు ఇవ్వండి. బొమ్మ కింద పేరు వేయండి. జీతం ఉన్న పోస్టు పడితే ముందు మమ్మల్ని పిలుస్తామని రాసివ్వండి. ఇవేవీ కుదరవంటే డబ్బు లేక కాదు, అడిగేవాళ్లు లేక.

నేను ఇదే రాసి పంపాను. మొక్క పెట్టనని, నెలకు ఇంత ఇస్తే వారానికి ఎనిమిది గంటలు చేస్తానని, కోక్ ఓవెన్ మనిషి ఉంటాడని. పన్నెండు రోజులైంది, జవాబు లేదు. ఈలోగా ఆ పోస్టర్‌ను నాలుగు అడుగుల ఫ్లెక్స్ మీద ప్రింట్ తీసి షాపు గోడకు కట్టాను. నిన్న ప్లాంటు గేటు పాసు మెడలో వేసుకుని ఒకాయన బ్యానర్ ఆర్డరివ్వడానికి వచ్చి చాలాసేపు దాన్నే చూశాడు. ‘ఇది ఏ నంబరు బ్యాటరీ?’ అని అడిగాడు.