ఇమామ్ సాబ్ తన్‌ఖా ఎవరివ్వాలి?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇమామ్‌లకు, మౌజన్‌లకు హుకూమత్ ఖజానా నుంచి గౌరవ వేతనం వస్తోంది. ఎన్నికలొస్తే పెంచుతామని ఐలాన్ చేస్తారు. మనం షుక్రియా చెబుతాం. నాకు మాత్రం ఫికర్‌గా ఉంది. ఖజానా పైసా తీసుకుని, జుమా ఖుత్బాలో అదే హుకూమత్ జుల్మ్ గురించి మాట్లాడే హిమ్మత్ ఎంతమందికి మిగులుతుంది? మజహబ్, హుకూమత్ వేరుగా ఉండాలంటే మనకు సర్కారీ ఆఫీసుల్లో పూజలే గుర్తొస్తాయి. మన మింబర్ గుర్తురాదు.

హజ్ సబ్సిడీ సంగతే చూడండి. స్తోమత ఉన్నవాళ్లకే హజ్ ఫర్జ్ అన్న ఆయత్‌ను గుర్తుచేసి, పదేళ్లలో దాన్ని ఎత్తేయమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో పోయింది. ఆ ఏడాదే 1.75 లక్షల మంది హజ్‌కు వెళ్లొచ్చారు! అన్నాళ్లూ పైసలు అందింది విమాన కంపెనీకి, మాటలు పడింది మనం.

ఇమామ్ సాబ్ గరీబీ నిజమే, ఆయన ఇంట్లోనూ పొయ్యి వెలగాలి. అందుకే 1993లో సుప్రీంకోర్టు ఆ తన్‌ఖా జిమ్మేదారీ వక్ఫ్ బోర్డుల మీద పెట్టింది. వక్ఫ్ అంటే మన బుజుర్గులు అల్లాహ్ పేరిట వదిలిన ఆస్తి, హుకూమత్ ఖైరాత్ కాదు. ఆ దుకాణాల్లో పాతకాలం కిరాయికే కూర్చున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఈ జుమా నమాజ్ అయ్యాక మీ ముతవల్లీ సాబ్‌ని కిరాయిల హిసాబ్ అడగండి.