దారి నెన్నుకొనుట

కాశ్మీరము మొదలు కన్యాకుమారి వరకు సైకిలుపై దేశమును దాటవలెనను ఉత్సాహము నేడు విద్యార్థులలోను, కొందరు ఉపాధ్యాయులలోను కనబడుచున్నది. సంతోషింపదగిన విషయమే. కాని వారిలో పలువురు ప్రయాణమునకు సిద్ధపడు తీరు చూచినచో విచారము కలుగక మానదు. మంచి సైకిలు కొందురు. ఫోనులో రెండు ఊళ్ల పేర్లు వ్రాయుదురు. అది గీసిన నీలిరేఖయే దారి యని నమ్మి బయలుదేరుదురు. ఆ రేఖకు దూరము తెలియును. ఏ నెలలో ఏ ఊరు చేరుదుమో, అప్పు డచ్చట ఎండయో వానయో దానికి పట్టదు. మొదట నిర్ణయింపవలసినది ఋతువు, పిదప దిక్కు, ఆ మీదట రోడ్డు అని మా అభిప్రాయము.

శ్రీనగరము నుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారి పొడవు సుమారు 3,700 కిలోమీటర్లు. దినమునకు 80 కిలోమీటర్ల చొప్పున, వారమున కొకనాడు విశ్రమించుచు పోయినచో ఇంచుమించు ఎనిమిది వారములు పట్టును. ఎనిమిది వారములలో ఋతువే మారిపోవును! పటములో పైనున్న కాశ్మీరము నుండి దిగివచ్చుట సులభమని చాలమందికి తోచును. పటములోని పైభాగ మెల్ల ఎత్తు కాదని చెప్పుటకు భూగోళోపాధ్యాయుడు అక్కరలేదు గదా! అక్టోబరు ఆరంభమున అటనుండి బయలుదేరినవాడు ఈశాన్య ఋతుపవనపు వానలు కురియు నవంబరులో తమిళదేశము చేరును. డిసెంబరులో బయలుదేరినవానికి మొదట హిమపాతము, పిదప పంజాబులోను ఢిల్లీలోను చేతి కందునంత దూరముకూడ కానరాని పొగమంచు.

కావున సంక్రాంతి వెళ్లిన పిమ్మట కన్యాకుమారి నుండియే బయలుదేరుట మేలు. అప్పటికి దక్షిణమున వానలు వెనుకబట్టును. ఫిబ్రవరి మొదటి వారమున హైదరాబాదు, ఆ నెల చివర ఢిల్లీ చేరవచ్చును; దట్టమైన పొగమంచు అప్పటికి చాలవరకు విడిచియుండును. దీనికి మూల్యము లేకపోలేదు. ఆ నెలలలో దక్షిణమున ఈశాన్యపు గాలి, ఉత్తర మైదానములలో వాయవ్యపు గాలి తరచుగా ఎదురగును. తెల్లవారకముందే సిద్ధపడి మధ్యాహ్నమునకు మజిలీ చేరువాడు దానిని కొంత తప్పించుకొనును.

దిక్కు మారుటవలన మరొక లాభము కలదు. ధర్మపురి, సేలముల నడుమ తొప్పూరు కనుమలో దక్షిణముగా దిగు లారీలకు ప్రమాదములు తరచు. ఉత్తరముగా పోవువాడు ఆ కనుమను ఎక్కును. చెమట పట్టును, నిజమే. కాని అదుపు తప్పు లారీలు అవతలి దారిలోనివి.

ఇక రోడ్డు మాట. 1976లో అమెరికా స్వాతంత్ర్యపు ద్విశతాబ్ది సందర్భమున ఆరెగాను నుండి వర్జీనియా వరకు, ఆరువేల కిలోమీటర్లకు మించిన సైకిలు మార్గము నొకదానిని నిర్ణయించిరి. ఏర్పాటు చేసినవారు పెద్ద రహదారులను వీలైనంత విడిచి, చిన్న ఊళ్లను చిన్న రోడ్లతో కూర్చి పటములు అచ్చువేసిరి. ఆ యేట నాలుగువేల మందికి పైగా ఆ దారిలో సైకిళ్లు తొక్కిరి. మనకు అట్టి పటము లేకున్నను, రహదారిని వెన్నెముకగా పెట్టుకొని పక్కదారులు పట్టవచ్చును. కొడికొండ నుండి లేపాక్షి దూరము కాదు. పెనుకొండ, గుత్తి దుర్గములు దారిలోనివే. పామిడి యొద్ద పెన్న, కర్నూలు యొద్ద తుంగభద్ర, బీచుపల్లి యొద్ద కృష్ణ, సోన్ యొద్ద గోదావరి దాటుదుము. కర్నూలు దాటిన పిమ్మట కొద్ది మైళ్లు పక్కకు తిరిగిన ఆలంపురము. నీలిరేఖ దానిని విడిచిపోవును. హైదరాబాదు బాహ్యవలయ రహదారిపైకి ద్విచక్రవాహనములను రానీయరు. సర్వీసు రోడ్డే గతి. ఆదిలాబాదు అడవులలోను, నాగపూరు దాటిన పిదప పెంచ్ అడవిలోను ప్రొద్దు క్రుంకిన పిమ్మట ప్రయాణము తగదు.

జనవరి మొదలు మార్చి వరకు విద్యార్థులకు పరీక్షల కాలము. వేసవి సెలవులలో ఆదిలాబాదు, నాగపూరుల ఎండలో సైకిలు తొక్కుమని ఎవడును చెప్పడు. వారికి కొడికొండ నుండి హైదరాబాదు వరకు చాలును. సంక్రాంతి సెలవులలో ఆరు దినముల పని. అంతకంటె ముందు ఆ దారిని తరగతిలో కాగితముపై గీయించుడు: ఏ ఊరిలో రాత్రి ఉండుట, ఏ మజిలీకి ఎంత నీరు, ట్యూబు పగిలినచో ఎచ్చట దొరకును? దారిలోని పాఠశాలలకు ఉత్తరములు వ్రాసి అడిగించుడు. జవాబులు వచ్చినకొలది గీత మారును.

పూర్తి యాత్రకు పోవు పెద్దలకు ఒక మాట. జమ్మూ దాటిన పిదప రామబన్ ప్రాంతమున మార్చి వానలకు కొండచరియలు విరిగి దారి మూతపడుట కలదు. అచ్చటికి నాలుగు దినములు అదనముగా ఉంచుకొనవలెను; తిరుగు ప్రయాణపు టికెట్టు ముందుగా కొనరాదు.