‘సర్వీసుకు సంబంధం లేదు’ అని రాసే ముందు

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి, మాజీ సైనికుల సంక్షేమ శాఖ కార్యదర్శి గారికి,



నేను సైన్యంలో క్లర్కుగా పనిచేసి హవల్దారు హోదాలో బయటికొచ్చినవాణ్ని. మాది గిద్దలూరు ప్రాంతం. ఇటు గిద్దలూరు, అటు కంభం చుట్టుపక్కల పల్లెల్లో తరాలుగా పిల్లలు మిలిటరీకి పోతూనే ఉన్నారు. పెన్షన్ కాగితాలు రాయడం తెలిసినవాణ్ని కనక, చిక్కు వచ్చిన ప్రతివాడూ ఫైలు చంకన పెట్టుకుని మా ఇంటికొస్తాడు. ఆ ఫైళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టేది, సర్వీసు నుంచి బయటికి పంపే ముందు జవానును పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు పత్రంలోని ఒక గడి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా? కాదు. సర్వీసు వల్ల ముదిరిందా? కాదు. కారణం? ‘పీస్ స్టేషన్‌లో మొదలైంది’ అనో, ‘శరీర తత్వాన్ని బట్టి వచ్చిన వ్యాధి’ అనో ఒక్క ముక్క. పదిహేడేళ్లో, ఇరవయ్యేళ్లో చేసిన కొలువుకీ, ఆ మనిషి ఇంటికి మోసుకొచ్చిన జబ్బుకీ ఏ సంబంధమూ లేదని ఆ ముక్క తేల్చేస్తుంది. డిసేబిలిటీ పెన్షన్ అక్కడే ఆగిపోతుంది.

ఈ గడిని ఎలా నింపాలో దేశ అత్యున్నత న్యాయస్థానం ఎప్పుడో చెప్పింది. సిగ్నల్స్ కోర్‌లో 1985లో సిపాయిగా చేరిన ఒకాయనకు మూర్ఛ వ్యాధి వచ్చింది. 20 శాతం వైకల్యం అని లెక్కగట్టి 1994 ఏప్రిల్ 1న ఇంటికి పంపేశారు. జబ్బు పుట్టుకతో వచ్చిన లక్షణం, సర్వీసుకు సంబంధం లేదన్నారు. ఆయన కేసే ధరంవీర్ సింగ్ కేసు. సుప్రీంకోర్టు 2013 జులై 2న తీర్పు చెప్పింది. చేర్చుకునేటప్పుడు అన్ని పరీక్షలూ చేసి ఆరోగ్యవంతుడని మీరే రాసుకున్నారు; అప్పుడు ఏ జబ్బూ నమోదు కాకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్లనే వచ్చిందని అనుకోవాలి; కాదనేవాళ్లే కారణాలు చూపి నిరూపించాలి; అనుమానం ఉంటే దాని లాభం జవానుకే దక్కాలి. ఇదీ ఆ తీర్పు సారం. ఇంత తేటగా చెప్పాక ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదనే మాలాంటివాళ్లం అనుకున్నాం.

ఇప్పుడు రెండో కేసు వినండి. 1988లో సియాచిన్‌లో డ్యూటీ చేసిన జవానుకు అదే మూర్ఛ వ్యాధి. 1989లో ఇంటికి పంపేశారు, సర్వీసుకు సంబంధం లేదన్నారు. ఆయనకు న్యాయం జరిగింది 2025 ఏప్రిల్‌లో, అదీ సుప్రీంకోర్టు దాకా పోయాక. 2013 తీర్పు మీ శాఖ అల్మారాలో ఉంది. జబ్బు అదే. గడిలో రాసిన మాటా దాదాపు అదే. అయినా ఆయన కోర్టుల చుట్టూ తిరిగి, ఇంకొకాయన ఎప్పుడో గెలిచిన వాదాన్నే మళ్లీ మొదట్నుంచీ గెలవాల్సి వచ్చింది. మంత్రిగారూ, మీకు ఈ ఉత్తరం రాయడానికి నాకున్న కారణం ఇదే. తీర్పు వచ్చేది ఒకడి పేరు మీద కావచ్చు, అందులోని న్యాయం అలాంటి వాళ్లందరిదీ. దాన్ని అందరికీ వర్తింపజేయాల్సింది ప్రభుత్వం. ఒక్కొక్కణ్నీ విడివిడిగా కోర్టుకు రమ్మనడం సర్కారుకు తగిన పని కాదు.

పీస్ స్టేషన్ (సరిహద్దు ఫీల్డుకు దూరంగా ఉండే స్థావరం) అనే మాట గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ల కాగితాల్లో ఎక్కువగా అడ్డం పడేది అదే. ఫీల్డులో రెండు మూడేళ్లు ఉండి, తర్వాత పీస్‌కి వస్తాడు జవాను. అక్కడ తెల్లారుజామున పీటీ, పగలు పని, రాత్రి గార్డు డ్యూటీ. ఎక్సర్‌సైజుకు పొమ్మంటే సామాను సర్దుకోవాలి. వరదలొచ్చినా, అల్లర్లు జరిగినా పిలుపు రాగానే కదలాలి. ఊళ్లో తల్లికి బాగోలేదని తెలిసినా సెలవు దొరికేదాకా ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఇది పీస్ అయితే కావచ్చు, విశ్రాంతి మాత్రం కాదు. ఇంకో సంగతి. రక్తపోటు ఒక్క రోజులో పుట్టేది కాదు. ఏళ్ల తరబడి లోపల పెరిగి ఎప్పుడో బయటపడుతుంది. ఫీల్డులో ఉన్నవాడు తలనొప్పి మాత్ర వేసుకుని డ్యూటీకి పోతాడు. మిలిటరీ ఆస్పత్రిలో స్పెషలిస్టు ముందు కూర్చునే తీరిక పీస్‌కి వచ్చాకే దొరుకుతుంది. పత్రంలో రాసేది జబ్బు దొరికిన తేదీని. దాన్నే జబ్బు పుట్టిన తేదీగా లెక్కవేస్తే, ఎత్తయిన కొండల మీద గడిపిన చలికాలాలన్నీ లెక్కలోంచి జారిపోతాయి.

మధుమేహం వచ్చిన ఒక సుబేదారు కేసులో ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 27న ఈ విషయమే తేల్చింది. పీస్‌లో బయటపడింది కాబట్టి సర్వీసుకు సంబంధం లేదనడం కుదరదని, సర్వీసు వల్ల కాదంటే మరి దేనివల్ల వచ్చిందో బోర్డు కారణాలతో రాయాలని చెప్పింది. డిసేబిలిటీ పెన్షన్ అర్హతపై 2008లో చేసిన నిబంధనల కింద వచ్చిన కేసులకైనా కారణం చూపే బాధ్యత బోర్డుదేనంది. ఆ తర్వాత ఇదే తరహాలో కేంద్రం వేసిన పిటిషన్లను వందల సంఖ్యలో కొట్టేసింది. వందల సంఖ్యలో అంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో గెలిచిన అన్ని వందల మంది మీద సర్కారు మళ్లీ వకీళ్లను పెట్టిందన్నమాట.

ఇంతకీ ఈ పోరాటం ఎంత డబ్బు కోసం? సైన్యం గొడవ తెలియని పాఠకుల కోసం ఒక లెక్క చెబుతాను. వంద శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం డిసేబిలిటీ భాగంగా ఇస్తారు. చివరి జీతం రూ. 40,000 అనుకుంటే అది రూ. 12,000. 20 శాతానికి వచ్చేది రూ. 2,400. దాన్ని 50 శాతానికి పెంచి లెక్కగట్టే పద్ధతి ఉంది, అప్పుడు రూ. 6,000, దానిమీద కరువు భత్యం. ఈ పెంపు కూడా జబ్బుతో మధ్యలో ఇంటికి పంపినవాళ్లకేనని, సర్వీసు పూర్తి చేసినవాళ్లకు వర్తించదని ఏళ్ల తరబడి వాదించారు. రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు ఆ అప్పీళ్లను ఒక్క వేటుతో కొట్టేసింది. నెలకు ఆరు వేలంటే మా ఊళ్లో ఒక మనిషి మందులు, ఒక పిల్ల కాలేజీ బస్సు ఛార్జీ.

ఈ పెన్షన్ దుర్వినియోగం అవుతోందని మీ పక్షాన ఒక వాదన ఉంది, దాన్ని పక్కన పెట్టను. కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2015–16 నుంచి 2019–20 వరకు రిటైరైన అధికారుల్లో దాదాపు 40 శాతం మంది, ఇతర ర్యాంకుల్లో 18 శాతం దాకా వైకల్యంతో బయటికొచ్చారు. వాళ్లలో జీవనశైలి జబ్బుల వాటా పెద్దదని కూడా చెప్పింది. ఎవరైనా లేని జబ్బు రాయించుకుంటే అది నిజంగా జబ్బుపడిన జవాను నోటికాడి కూడు లాక్కోవడమే. పట్టుకోండి, శిక్షించండి, నేను చప్పట్లు కొడతాను. అయితే ఆ అంకెల్లోనే ఇంకో సంగతి ఉంది: ఇతర ర్యాంకుల శాతం అధికారుల శాతంలో సగం కన్నా తక్కువ. ఎవరో దుర్వినియోగం చేశారన్న అనుమానం సిపాయి మీద, నాయక్ మీద పడకూడదు. దొంగను పట్టుకునే దారి ఒకటే: ప్రతి కేసునూ వైద్యుడు నిజంగా చూసి, కారణం రాయడం. నేనడిగేదీ అదే.

ఆ గడిలో ‘కాదు’ అని పడ్డాక ఏం జరుగుతుందో నేను దగ్గరుండి చూస్తుంటాను. మొదటి అప్పీలు రాస్తాం. నెలలు గడిచాక తిరస్కరించారని జవాబొస్తుంది, బోర్డు మాటే మళ్లీ టైపు చేసి. రెండో అప్పీలుదీ చాలాసార్లు అదే గతి. తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చి 2009లో పని మొదలుపెట్టిన ఈ ట్రిబ్యునల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచి కింద ఉన్నాయి. హైదరాబాద్‌లో సర్క్యూట్ బెంచి కూర్చున్నప్పుడు సరే, లేకపోతే శ్రీకాకుళం జిల్లా జవాను చెన్నై రైలెక్కాల్సిందే. సికింద్రాబాద్‌లో ఏఓసీ, ఈఎంఈ సెంటర్లు, గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ ఉన్న హైదరాబాద్‌కు సొంత బెంచి ఇవ్వడం పెద్ద కోరికేమీ కాదు. ట్రిబ్యునల్‌లో గెలిచినా కథ ముగియదు. సర్కారు హైకోర్టుకు పోవచ్చు, అక్కణ్నుంచి పైకీ పోవచ్చు. గెలిచిన కాగితం ఇనప్పెట్టెలో పెట్టుకుని డబ్బు చూడకుండానే కన్నుమూసిన పెద్దమనుషులు మా ప్రాంతంలో ఉన్నారు. వాళ్ల భార్యల కోసం ఇప్పుడు నేను బకాయిల దరఖాస్తులు రాస్తున్నాను.

మనోహర్ పారికర్ గారు రక్షణ మంత్రిగా ఉండగా 2015లో నిపుణుల కమిటీ వేశారు. సైనికుల మీద, మాజీ సైనికుల మీద శాఖ నడిపే వ్యాజ్యాలు ఎలా తగ్గించాలో చెప్పమన్నారు. ఆ ఏడాది నవంబర్‌లోనే కమిటీ నివేదిక ఇచ్చింది. దాన్ని మళ్లీ బయటికి తీయండి. కొత్త కమిటీ అక్కర్లేదు.

తొందరేమిటంటారా? అగ్నివీరులు. మొదటి దఫా పిల్లలు 2023 జనవరిలో శిక్షణకు వెళ్లారు. వాళ్ల నాలుగేళ్లూ నిండే వేళకు వేల మంది ఒక్కసారిగా రిలీజ్ మెడికల్ బోర్డు ముందు నిలబడతారు. వాళ్లకు నెలనెలా వచ్చే పెన్షన్ లేదు. వైకల్యం సర్వీసు వల్లనే అని బోర్డు రాస్తే శాతాన్ని బట్టి రూ. 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షలు ఒక్కసారి ఇస్తారు. బోర్డు ‘కాదు’ అంటే ఏమీ లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రవాడు. మోకాలో, వెన్నో, చెవో పోగొట్టుకుని వస్తాడు. నాలుగేళ్ల సర్వీసువాడికి పదేళ్లు కోర్టుకు తిరిగే ఓపిక ఎక్కడిది? మా పల్లెల్లో తల్లిదండ్రులు ఆ నాలుగేళ్ల జీతం లెక్కలే చూసుకున్నారు. ఈ గడి సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

అందుకే ఆ బోర్డులు కూర్చునే లోపే మీ కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు రావాలి. ‘సర్వీసుకు సంబంధం లేదు’ అని రాసే ప్రతి వైద్యుడూ ఎందుకు లేదో, మరి దేనివల్ల ఆ జబ్బు వచ్చిందో ఆ మనిషి పోస్టింగుల వివరం ముందు పెట్టుకుని రాయాలి, కింద పేరు రాసి సంతకం పెట్టాలి. ఆ పత్రం నకలు జవాను యూనిట్ వదలక ముందే అతని చేతికివ్వాలి. కారణం లేని బోర్డు చెల్లదు, మళ్లీ కూర్చోవాలి. సుప్రీంకోర్టు తీర్పులు వర్తించే పాత కేసుల్లో కోర్టుల్లో నలుగుతున్న అప్పీళ్లు వెనక్కి తీసుకోవాలి. కోర్టుకు రాని పాత జవాన్ల ఫైళ్లు కూడా ప్రయాగ్‌రాజ్ పెన్షన్ కార్యాలయమే తనంతట తాను తెరిచి చూడాలి.

ఈ ఉత్తరం నకలు మన రెండు రాష్ట్రాల ఎంపీలందరికీ పంపుతున్నాను. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో వాళ్లు మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడగాలని కోరాను: డిసేబిలిటీ పెన్షన్ మీద రక్షణ శాఖ తన జవాన్లపై వేసి, ఇంకా నడుపుతున్న కేసులు ఎన్ని? దయచేసి ఆ అంకె చెప్పండి.

భవదీయుడు,
ఒక మాజీ హవల్దారు,
గిద్దలూరు