జపాను భాష యెన్నాళ్లకు వచ్చును?

జపాను దేశమున నుద్యోగములు దొరకునను మాట మన యూళ్లలో వ్యాపించినది మొదలు "మూడు నెలలలో జపాను భాష" యను ప్రకటనలు గోడలమీదను, చేతి ఫోనులలోను విరివిగా కనబడుచున్నవి. 2021వ సంవత్సరము జనవరి మాసమున మన దేశమునకును జపానునకును నైపుణ్యముగల పనివారిని గూర్చి యొక యొడంబడిక కుదిరినది. ఆ పనులకు పోగోరువారు తమకు జపాను భాష కొంత వచ్చునని పరీక్షలో రుజువు చేయవలెను. కావున తలిదండ్రులు కొందఱు మమ్మడుగుచున్నారు: "మేష్టరుగారూ, మావాడు సామాన్యుడు. వానికి ఈ భాష యెన్నాళ్లకు వచ్చును? రుసుము కట్టవచ్చునా?" ఈ ప్రశ్న న్యాయమైనది. మూడు నెలలలో భాషయంతయు వచ్చునని చెప్పువారు అసత్యమాడుచున్నారని మా యభిప్రాయము. మనవారికి అది యెన్నటికిని రాదనువారును అంతే తప్పుగా మాటలాడుచున్నారు.

ముందుగా, భాష "వచ్చుట" యనగా నేమో తేల్చుకొనవలెను. జపానువారు అన్యదేశీయులకై 1984 నుండి యొక పరీక్ష జరుపుచున్నారు. మొదట దానికి నాలుగు తరగతులుండెను. 2010 నుండి అయిదైనవి. ఎన్-5 అన్నిటికంటె దిగువది, ఎన్-1 అన్నిటికంటె పైది. నాలుగు తరగతులున్న కాలమున నిర్వాహకులే యొక కొలత చెప్పియుండిరి. అడుగు తరగతికి 150 గంటల చదువు, 100 చిత్రాక్షరములు, 800 మాటలు. దాని పైదానికి 300 గంటలు, 300 అక్షరములు, 1,500 మాటలు. ఆ పైదానికి 600 గంటలు, 1,000 అక్షరములు, 6,000 మాటలు. కొట్టకొనకు 900 గంటలు, 2,000 అక్షరములు, 10,000 మాటలు. ఇట్లుండగా అమెరికా ప్రభుత్వమువారు తమ రాయబారుల కొఱకు నడుపు భాషాశాలలో జపాను భాషకు 88 వారములు, అనగా 2,200 గంటల బోధన, యేర్పఱచినారు. ఇంటివద్ద చదువుకొను కాలము ఇందులో చేరలేదు.

900 ఎక్కడ, 2,200 ఎక్కడ? ఈ రెంటిలో నేదియు అబద్ధము కాదు. మొదటి పరీక్షలో చదువుటయు వినుటయు మాత్రమే చూతురు. విద్యార్థి నోరు తెఱచి మాటలాడనక్కఱలేదు, ఒక వాక్యమైన వ్రాయనక్కఱలేదు, ఇచ్చిన జవాబులలో నొకదానిని గుర్తించిన చాలును. రాయబారియో, సభలో కూర్చుండి వాదింపవలసినవాడు. పైమెట్టు పరీక్షలో గెలిచినవాడును టోక్యో నగరమున నొక దుకాణములో తడబడుట యిందువలననే.

మన సామాన్య విద్యార్థి దినమునకొక గంట చొప్పున, ఆదివారములు విడిచి, చదువుననుకొందము. ఏటికి సుమారు 300 గంటలగును. ఆ లెక్కను ఆఱు మాసములకు ఎన్-5, ఏడాదికి ఎన్-4, మూడేండ్లకు పైమెట్టు. రాయబారి కొలతకైతే ఏడేండ్లు దాటును. దినమునకు రెండు గంటలు పట్టుదలతో చదువువాడు మూడు నెలలలో ఎన్-5 గెలువవచ్చును. ప్రకటనలోని సత్యము ఇంతవఱకే. కాని పైన చెప్పిన పనులకు సాధారణముగా కోరబడునది ఎన్-4, లేదా దానికి సమానమైన పరీక్ష. ఎన్-5 పత్రము చేత పట్టుకొని, పొలము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము చెల్లించి, ఇక విమానమెక్కుటయే తరువాయి యనుకొను కుటుంబమును తలంచినప్పుడు మాకు దుఃఖము కలుగును. కర్మాగారములో యంత్రముమీది హెచ్చరికను చదువలేని బాలునికి జరుగు కీడు, పరీక్ష తప్పుటవంటి చిన్న కీడు కాదు.

ఇక మనకు గల ధైర్యమునుగూర్చి చెప్పెదము. అమెరికావారి 2,200 గంటల లెక్క ఇంగ్లీషు మాటలాడువారి కొఱకు వేసినది. వారిని చిక్కుపెట్టు సంగతులు కొన్ని మనకు చిక్కులే కావు. జపాను వాక్యమున క్రియ చివరనే వచ్చును. విభక్తి ప్రత్యయములు మన భాషలోవలెనే నామమునకు వెనుక చేరును. "నేను నిన్న కొన్న పుస్తకము" అనుటకు ఇంగ్లీషువాడు పుస్తకమును ముందు పెట్టి తక్కినదానిని వెనుకకు త్రోయును. జపానువాడు "వతషి గ కినో కత్త హొన్" అనును. మాటకు మాట మన వరుసయే. మనము ఇల్లు వెడలునపుడు "వెళ్లి వచ్చెద"నందుము గాని "పోయెద"ననము. వారును గడప దాటుచు "ఇత్తె కిమసు" అందురు. ఇత్తె యనగా వెళ్లి, కిమసు అనగా వచ్చెదను. "తబెతె మిరు" అనగా తిని చూచుట. "కురు తొ ఇత్త" అనగా వచ్చెదనని చెప్పెను. అందలి "తొ" మన "అని" చేయు పనినే చేయుచున్నది. పెద్దలు సెలవిచ్చిరి, మేము మనవి చేసితిమి అను భేదము వారికిని గలదు: పెద్దలు చెప్పుట "ఒష్షరు", తాను వినయముతో చెప్పుట "మోసు". ఇంగ్లీషు వ్యాకరణముతో కుస్తీ పట్టి ఓడిన బాలుడు ఇక్కడ తన యింటికి వచ్చినట్లుండును. కనుక, ఇంగ్లీషు రానివాడు జపాను భాషకును పనికిరాడని యెంచు ఉపాధ్యాయులతో మేము ఏకీభవింపజాలము.

ఉచ్చారణలోను మనకు కొంత మేలున్నది. "ఒబసన్" అనగా అత్తయో పిన్నియో. "ఒబాసన్" అనగా అవ్వ. "కితె" అనగా వచ్చి. "కిత్తె" అనగా తపాలా బిళ్ళ. హ్రస్వదీర్ఘములును ద్విత్వమును ఉగ్గుబాలతో నేర్చినవారికి ఇది వింత కాదు. స్వరమును ఎత్తుటలో దించుటలో మాత్రము మనవారు పొరపడుదురు. "హషి" యను మాట పలుకు తీరునుబట్టి వంతెనయు నగును, తినుటకు వాడు పుల్లలును నగును. ఈ పోలికలను చూచి రెండు భాషలు అక్కచెల్లెండ్రని యెవరును తొందరపడరాదు. ఓనొ సుసుము అను జపాను పండితుడు తమ భాషకు తమిళముతో చుట్టఱికము గలదని వాదించెను గాని, భాషాశాస్త్రజ్ఞులలో పెక్కుమంది దాని నంగీకరింపలేదు.

లిపి మాట వేఱు. జపాను వ్రాతలో మూడు విధముల అక్షరములు కలియును. హిరగాన, కతకాన యను రెండు వర్ణమాలలలో మూలాక్షరములు ఒక్కొక్కదాన నలువదియాఱు. వాని వరుస అ ఇ ఉ ఎ ఒ, తరువాత క స త న హ మ య ర వ. ఈ వరుస వారికి మన దేశమునుండియే, సంస్కృతాక్షరములు చదివిన బౌద్ధభిక్షువుల మూలముగా, చేరినది. గుణింతము తెలిసిన పిల్లవాడు నెల దినములలో రెంటిని పట్టగలడు. అటుపిమ్మట మూడవది, చీనానుండి వచ్చిన చిత్రాక్షరముల యడవి. వ్యవహారమునకు ప్రభుత్వము నిర్ణయించినవి 2,136. జపాను పిల్లలే వానిలో 1,026 అక్షరములను ఆఱేండ్ల ప్రాథమిక పాఠశాలలో నేర్తురు. తక్కినవానికి మఱి మూడేండ్లు, అంతకు పైగాను పట్టును. మనము దినమునకు రెండేసి చొప్పున నేర్చినను, నేర్చినది యొక్కటియు మఱవకున్నను, 1,068 దినములు కావలెను.

అక్షరమును గుర్తించుటతో పని తీరదు. మూడు శిఖరములవలె నుండు గుర్తొకటి గలదు. అది యొంటిగా నున్నప్పుడు "యమ" యని చదువవలెను. ఫుజి పర్వతము పేరిలో నదే "సన్" అగును. మనము ఒకే గుర్తు వ్రాసి దానిని ఒకచోట కొండ యనియు, ఉదయగిరి యను పేరిలో గిరి యనియు చదివినట్లన్నమాట. ఇంత మాత్రమే యైన నోర్వవచ్చును; జీవమును, పుట్టుకను, పచ్చితనమును తెలుపు నొక గుర్తునకు సెయ్, షో, నమ మొదలుగా నెన్నియో చదువులు గలవు. కొరియావారికి మనవలె వ్యాకరణము సులభము, చీనావారికి లిపి సులభము. మనము వ్యాకరణమున కొరియావారితోను, లిపియందు అమెరికావారితోను సమానులము. కావున మన లెక్క ఆ రెండు కొలతలకు నడుమ నుండునని మా యూహ. నిత్యము ఒక గంట చదువు సామాన్యునికి, బెదరక మాటలాడి వార్తాపత్రిక చదువుటకు, అయిదేండ్లు.

మన మిషనెరీల చరిత్ర చదివినవారికి ఇది ఆశ్చర్యము కలిగింపదు. ఫ్రాన్సిస్ జేవియరుగారు 1549 ఆగస్టు 15వ తేదీని కగొషిమ రేవున దిగిరి. గోవాలో బాప్తిస్మము పొందిన అంజిరో యను జపానువాడు వారికి దుబాసి. దేవుడను మాటకు అతడు "దైనిచి" యని చెప్పగా, జేవియరుగారు కొంతకాలము ఆ పేరనే బోధించి, అది యొక బుద్ధుని నామమని తెలిసిన పిమ్మట దానిని విడిచి "దేవుస్" అను లాటిను మాటను పట్టిరి. తొందరగా నేర్చిన భాష యెంతటివారిని నెక్కడ నిలుపునో చూడుడు. వైద్యమిషనెరీ యగు హెప్బర్నుదొరగారు 1859లో జపానునకు వచ్చిరి. వారు అంతకుముందే చీనా భాషతో పరిచయము గలవారు. అయినను కిషిద గింకో యను జపానువాని సహాయముతో వారి నిఘంటువు 1867లో గాని వెలువడలేదు. వారును తోడివారును కలసి చేసిన క్రొత్త నిబంధన 1880లోను, పాత నిబంధన 1888 నాటికిని ముగిసినవి.

రుసుము కట్టకముందు తలిదండ్రులు ఆ శాలవారిని అడుగవలసిన సంగతులు కొన్ని గలవు. మీరు చెప్పునది ఏ తరగతి పరీక్షకు? మొత్తము ఎన్ని గంటలు బోధింతురు? చిత్రాక్షరములు ఎన్ని? పిల్లలచేత మాటలాడింతురా, లేక జవాబులు మాత్రము గుర్తు పెట్టింతురా? ఇవి చెప్పలేనివారికి సొమ్మియ్యవలదు. మన విద్యార్థులలో ఆసక్తిగలవారు తొమ్మిదవ తరగతిలో వర్ణమాలలు మొదలుపెట్టి, పదియవ తరగతి పరీక్షల మాసములలో విడిచి, మరల సాగించినయెడల, కాలేజీ మొదటి యేటికి ఎన్-4 చేరుట సాధ్యమే. ఇంకొక మాట. ఈ పరీక్ష సాధారణముగా జూలై, డిసెంబరు మాసముల మొదటి ఆదివారమున జరుగును. మన సంఘములలో అనేకము ఆ దినముననే ప్రభురాత్రి భోజన సంస్కారము నాచరించును. పరీక్షకు పోవువారు నెల ముందుగా తమ పాదిరిగారితో మాటలాడి, సాయంకాలపు ఆరాధన యెక్కడ నున్నదో తెలిసికొనియుండవలెను.